ఒక్కడేనా పోయింది? సమక్ సుందరవేజ్ మరణం, థాయ్‌లాండ్ మాటలు
(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరసల్లో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. వెనక నిలబడ్డవాళ్ళు మొహమాటపడకుండా వచ్చి కూర్చోండి.

2009 నవంబర్ 24న బ్యాంకాక్‌లోని బుమ్రున్‌గ్రాడ్ ఆసుపత్రిలో సమక్ సుందరవేజ్ కాలేయ క్యాన్సర్‌తో చనిపోయారు. వయసు 74. అంతకుముందు, 2008లో, ఏడు నెలల పైచిలుకు ఆయన థాయ్‌లాండ్ ప్రధాని. ఆ మర్నాడు విదేశీ పత్రికలు ఈ వార్తను దాదాపు ఒకే మాటతో మొదలుపెట్టాయి: టీవీలో వంట చేసినందుకు పదవి పోగొట్టుకున్న ప్రధాని ఇక లేరు.

(సభలో నవ్వులు)

నవ్వారు కదా. నవ్వొస్తుంది మరి. ప్రధాని ఏమిటి, కెమెరా ముందు గరిట తిప్పడమేమిటి, అందుకు రాజ్యాంగ న్యాయస్థానం కుర్చీలోంచి దింపెయ్యడమేమిటి! కానీ నా గొడవ ఆ నవ్వుతోనే. ఒక మనిషి జీవితంలో అన్నిటికంటే తమాషా ముక్క ఏదో అదే సంస్మరణగా మిగిలితే, మిగతాదంతా ఎటు పోయింది? మనవాళ్ళు ‘చచ్చినవాడి కళ్ళు చారెడు’ అంటారు. సమక్ విషయంలో కళ్ళు కాదు, గరిట చారెడైంది. ఇవాళ దాని గురించే మాట్లాడతాను.

ముందు ఆ వంట సంగతి చెప్పేస్తాను. లేకపోతే మీ మనసు అక్కడే ఉంటుంది.

వంట ఆయనకు ఓట్ల కోసం వేసిన వేషం కాదు. నిజంగానే తిండి పిచ్చి. మార్కెట్టుకు స్వయంగా వెళ్ళి, కూరలు ఏరి, బేరమాడేవారు. ప్రధాని అయ్యాక కూడా మానలేదు. విలేఖరులు మైకులు పట్టుకుని చేపల దుకాణాల మధ్య ఆయన వెంట తిరిగేవారు. కోకాకోలా పోసి ఉడికించే పంది కాలు ఆయన పేరు మీద చలామణీ అయిన వంటకం. ఇంటినిండా పిల్లులు. ముక్కు లావుగా ఉండేది. గులాబీ జామకాయ ముక్కు అని కార్టూనిస్టులు దాన్నే బొమ్మ చేసుకుని బతికారు. టీవీ కార్యక్రమం పేరు ‘చిమ్ పై, బొన్ పై’. రుచి చూస్తూ సణుక్కుంటూ పోవడం అనుకోండి. వంట సగం, తిట్లు సగం. బ్యాంకాక్ ఇళ్ళలో పెద్దవయసు ఆడవాళ్ళు ఎందరో ఆయన్ని రాజకీయ నాయకుడిగా కంటే ముందు ఆ కార్యక్రమంలోనే ఎరుగుదురు.

2008 జనవరి చివర ప్రధాని అయ్యాక కూడా కొన్ని భాగాల్లో కనిపించారు. అప్పటి రాజ్యాంగం 267వ అధికరణ ప్రకారం ప్రధానిగానీ మంత్రిగానీ ప్రైవేటు సంస్థలో ఉద్యోగి కాకూడదు. కొందరు సెనేటర్లు కేసు వేశారు. నాకు ముట్టింది ప్రయాణ ఖర్చులు, సరుకుల ఖర్చులే అని ఆయన వాదన. ‘ఉద్యోగి’ అంటే ఎవరు అన్నదానికి న్యాయమూర్తులు నిఘంటువు తెరిచారు. 2008 సెప్టెంబర్ 9న తొమ్మిది మందీ ఏకగ్రీవంగా పదవి చెల్లదన్నారు. సూటిగా చెప్పాలంటే, అది వంట కేసు కానే కాదు. అప్పటికి రెండు వారాలుగా పసుపు చొక్కాల ఉద్యమకారులు, అంటే 2006లో సైన్యం దింపేసిన ప్రధాని థాక్సిన్‌కూ ఆయన మనుషులకూ విరోధులైన రాజభక్తులు, ప్రధాని కార్యాలయాన్ని ఆక్రమించి కూర్చున్నారు. సెప్టెంబర్ 2న ఎమర్జెన్సీ ప్రకటించినా సైన్యం వాళ్ళమీద చెయ్యి వేయలేదు. ఎన్నికల్లో గెలిచిన ప్రభుత్వాన్ని ఎలాగైనా దింపాలన్న పట్టుదలకు చేతికి అందిన కర్ర అది. ఆ తీర్పు అన్యాయమని నేను మొహమాటం లేకుండా అంటాను. ఇంకో పది నిమిషాల్లో ఇదే మనిషి గురించి చాలా కటువుగా మాట్లాడబోతున్నాను కాబట్టి ఇది ముందే చెబుతున్నాను.

అంతకంటే అవమానం మూడు రోజులకు జరిగింది. పార్లమెంటు ఆయన్నే మళ్ళీ ఎన్నుకోవచ్చు, చట్టం అడ్డు రాదు. సెప్టెంబర్ 12న సభ పెట్టారు. కోరం లేదు. సొంత పార్టీవాళ్ళే చాలామంది రాలేదు. తర్వాత సొంచాయ్ వొంగ్‌సవత్ ప్రధాని అయ్యారు. సమక్ రాజకీయాలు వదిలేసి, వైద్యానికి అమెరికా వెళ్ళారు. జీవితమంతా నోరు మూయని మనిషి ఆ చివరి ఏడాది దాదాపు మాట్లాడలేదు.

నోరు అన్నాను కదా. అదెలాంటి నోరో కాస్త రుచి చూపిస్తాను.

2007 ఎన్నికల ముందు పార్టీలో అంతర్గత గొడవల గురించి ఒక మహిళా విలేఖరి అడిగితే, రాత్రి ఎవరితో పడుకుని వచ్చావు అనే అర్థం వచ్చే మాటతో ఎదురు ప్రశ్న వేశారు. అదీ అందరి ముందు. 2008లో బర్మా వెళ్ళి వచ్చి, అక్కడి సైనిక జనరళ్ళు ధ్యానం చేసుకునే మంచి బౌద్ధులని మెచ్చుకున్నారు. ఆదివారం పూట టీవీలో తన సొంత ప్రసంగ కార్యక్రమంలో ప్రత్యర్థుల్ని వరసపెట్టి కడిగేవారు. మీరు థాక్సిన్ బినామీ కదా అంటే, అవును, అయితే ఏంటి అన్నట్టు తలూపారు. ఆ మాటకు జనం అభిమానించారు కూడా. మిగతా నాయకులు పది మెలికలు తిప్పి చెప్పేదాన్ని ఈయన ముక్కు మీద గుద్దినట్టు చెబుతాడని.

థాయ్ రాజకీయ భాషలో ఆయన వదిలి వెళ్ళిన మాట ఒకటుంది: నాగుపాము. 1997లో ఆయన పార్టీ ఎంపీలు ఒక డజను మంది అధిష్టానం మాట కాదని చువాన్ లీక్‌పాయ్ ప్రభుత్వానికి మద్దతిచ్చారు. వాళ్ళలో చాలామంది వేరే పార్టీల్లోంచి వచ్చి ఆయన దగ్గర తలదాచుకున్నవాళ్ళే. చలికి కొయ్యబారిన పామును రైతు ఒడిలో పెట్టుకుంటే అది ఆయన్నే కాటేసిన కథ చెప్పి, వీళ్ళు ఆ పాములు అన్నారు. ఇవాళ్టికీ థాయ్‌లాండ్‌లో పార్టీ ఫిరాయించిన ఎంపీని నాగుపాము అనే అంటారు. మనకైతే ఫిరాయింపుదారు కొత్త కాదు, పేరే తక్కువైంది.

(నవ్వులు)

ఇక అసలు విషయం.

1976. మన దగ్గర ఎమర్జెన్సీ నడుస్తున్న ఏడు. థాయ్‌లాండ్‌లో మూడేళ్ళ కిందట విద్యార్థుల తిరుగుబాటుకు దేశం విడిచి పారిపోయిన నియంత థానొమ్ కిత్తికచోర్న్, సెప్టెంబర్‌లో సన్యాసి దుస్తుల్లో తిరిగి వచ్చాడు. నిరసన పోస్టర్లు అంటించిన ఇద్దరు కార్మికుల్ని నఖోన్ పథోమ్‌లో చంపి వేలాడదీశారు. ఆ దారుణాన్ని థమ్మసాట్ విశ్వవిద్యాలయంలో విద్యార్థులు చిన్న నాటికలా చూపించారు. అందులో వేలాడిన కుర్రాడి ముఖం యువరాజు పోలికలో ఉందని ఒక మితవాద పత్రిక ఫోటో వేసింది. ట్యాంకు దళం రేడియో రాత్రంతా విద్యార్థులు రాజద్రోహులు, కమ్యూనిస్టులు అని మోత మోగించింది. అక్టోబర్ 6 తెల్లవారుజామున పోలీసులు, సాయుధ ముఠాలు విశ్వవిద్యాలయం మీద పడ్డాయి.

మీలో బ్యాంకాక్ టూరుకు వెళ్ళినవాళ్ళు ఉంటారు. రాజభవనం, పచ్చల బుద్ధుడి గుడి చూసే ఉంటారు. ఆ గోడ పక్కన పెద్ద మైదానం ఉంటుంది, సనామ్ లువాంగ్. దాని అవతలి పక్కనే ఆ విశ్వవిద్యాలయం. ఆ మైదానంలో ఆ పొద్దున విద్యార్థుల్ని చెట్లకు ఉరేశారు, శవాల్ని టైర్ల మీద వేసి కాల్చారు. ఉరికి వేలాడుతున్న ఒక శవాన్ని మడత కుర్చీతో కొడుతున్న మనిషి, చుట్టూ చూస్తున్న జనం, వాళ్ళలో నవ్వుతున్న ఒక పిల్లవాడు. నీల్ యులెవిచ్ తీసిన ఆ ఫోటోకు మర్నాటి ఏడు పులిట్జర్ వచ్చింది. అధికారిక లెక్కలో చనిపోయినవాళ్ళు 46 మంది. వంద దాటారని ఇతరుల అంచనాలు. మూడు వేల మందికి పైగా అరెస్టయ్యారు, వాళ్ళంతా దెబ్బలు తిన్నవైపు మనుషులు.

సమక్ ఎక్కడున్నారు? ఆ ఏడు ఆయన సెనీ ప్రమోజ్ ప్రభుత్వంలో హోం శాఖ ఉపమంత్రి. విద్యార్థులకు వ్యతిరేకంగా జనాన్ని రేపిన మితవాద గొంతుల్లో పేరు మోసిన గొంతు. సరిగ్గా ఆ రోజుల్లోనే మంత్రివర్గం మార్చి ఆయన్ని పక్కన పెట్టారు. అక్టోబర్ 6న ప్రధాని కార్యాలయం దగ్గర చేరిన గ్రామ స్కౌట్ల (రాజభక్తి పేరిట పల్లెల్లో కూడగట్టిన మితవాద దళాలు) కోరికల్లో ఆయన్ని వెనక్కి తీసుకోవాలన్నది ఒకటి. ఆ సాయంత్రం సైన్యం అధికారం లాక్కుంది. కొత్త ప్రధాని థానిన్ క్రైవిచియెన్ దగ్గర సమక్ హోంమంత్రి అయ్యారు. పత్రికలు మూయించారు, పుస్తకాలు నిషేధించారు, వామపక్షం అని పేరు పడ్డవాళ్ళని వేటాడారు. వేలమంది కుర్రాళ్ళు అడవుల్లోకి వెళ్ళి కమ్యూనిస్టు పార్టీలో చేరారంటే ఆ ఏడాది ప్రభుత్వం చలవే.

ఇన్ని చెప్పాను గానీ, ఫలానా హత్యకు సమక్ ఆజ్ఞ ఇచ్చారని ఏ కోర్టూ తేల్చలేదు. విచారించలేదు కాబట్టి తేల్చలేదు. 1978లో క్షమాభిక్ష చట్టం తెచ్చారు. జైల్లో విచారణ ఎదుర్కొంటున్న విద్యార్థి నాయకుల్ని వదిలిపెట్టారు. వాళ్ళతో పాటు, ఆ రోజు చేసిన పనులకు చంపినవాళ్ళకూ అదే గొడుగు పట్టారు. కాల్చినవాడి మీద ఒక్క కేసు నడవలేదు.

తర్వాత ఆయన ప్రస్థానం చకచకా చెప్పేస్తాను. 1979లో సొంత పార్టీ ప్రచాకొర్న్ థాయ్ పెట్టి, బ్యాంకాక్‌లో 32 సీట్లలో 29 కొట్టారు. 1992లో సైనికాధికారి సుచిందా క్రప్రయూన్ ప్రభుత్వంలో ఉపప్రధాని. ఆ మేలో ప్రజాస్వామ్యం కోసం వీధుల్లోకి వచ్చినవాళ్ళ మీద సైన్యం కాల్పులు జరిపితే సమర్థించారు. ఆ ఉద్యమానికి ముందున్న చామ్లాంగ్ శ్రీముయాంగే 2008లో పసుపు చొక్కాల వేదిక మీద కూడా ఉన్నారు. ఆ లెక్కన సమక్ పతనంలో పదహారేళ్ళ పాత పగ కూడా కొంత ఉంది. 2000లో పది లక్షలకు పైగా ఓట్లతో బ్యాంకాక్ గవర్నర్. అప్పుడు ఓడించింది ఎవర్ననుకున్నారు? థాక్సిన్ పార్టీ అభ్యర్థి సుదరత్‌ని. ఏడేళ్ళకు అదే థాక్సిన్ మనుషులకు నాయకుడై 2007 డిసెంబర్ ఎన్నికలు గెలిచారు. రాజకీయాల్లో ఇలాంటివి మనకేం వింత కాదు లెండి.

ప్రధాని అయిన కొద్ది రోజులకే, 2008 ఫిబ్రవరిలో, సీఎన్‌ఎన్ విలేఖరి అక్టోబర్ 6 గురించి అడిగారు. సమక్ చెప్పింది ఇది: చనిపోయింది ఒక్కడే. ఎవరో దురదృష్టవంతుణ్ణి సనామ్ లువాంగ్‌లో కొట్టి కాల్చారు, అంతే.

ఒక్కడు. ముప్పై ఏళ్ళు దాటాక, ప్రధాని హోదాలో, కెమెరా వైపు చూస్తూ. తల్లిదండ్రులు కొందరు ఇంకా బతికే ఉన్నారు. విమర్శలు వచ్చాయి, ఆయన వెనక్కి తగ్గలేదు.

ఇప్పుడు మరణవార్త దగ్గరికి రండి. 2009 నవంబర్ అంటే థాయ్‌లాండ్ రంగు చొక్కాలుగా చీలిపోయిన కాలం. ఏడాది కిందట పసుపు చొక్కాలు సువర్ణభూమి విమానాశ్రయాన్ని మూసేశాయి. ఏప్రిల్‌లో థాక్సిన్ వైపు ఎర్ర చొక్కాలు బ్యాంకాక్‌లో తిరగబడ్డాయి. ఆ పరిస్థితిలో సమక్ చనిపోతే ఎవరు ఏమనాలి?

ఎర్ర చొక్కాలకు ఆయన జనం ఓటేస్తే జడ్జీలు దింపిన ప్రధాని. వాళ్ళ సంతాపంలో నిజమైన ఆవేశం ఉంది. కానీ వాళ్ళ నాయకత్వం వైపు చూడండి. థాక్సిన్ శిబిరంలో పెద్దమనుషులైన చాతురొన్ చాయ్‌సెంగ్, ఫుమ్‌థమ్ వెచ్చయచాయ్ లాంటివాళ్ళు 1976 తర్వాత అడవిలోకి పోయిన తరం. ఏ హోంమంత్రి భయానికి అడవి పట్టారో, ఆయనే తమ పార్టీ జెండా మోసి పోయారు. వాళ్ళ నోట అక్టోబర్ 6 మాట గట్టిగా ఎలా వస్తుంది? రాకపోవడానికి ద్రోహం అని పేరు పెట్టను. ప్రస్తుతం కోసం గతాన్ని మడిచి పెట్టెలో పెట్టారు, రాజకీయాల్లో రోజూ జరిగేదే.

అటు పసుపు వైపు ఇబ్బంది ఇంకో రకం. రాచరికం మీద భక్తి, కమ్యూనిస్టులంటే కోపం, విద్యార్థులంటే చిరాకు, ఈ మూడింట్లో సమక్ వాళ్ళకంటే పాతకాపు. 1976 విషయంలో ఆయన్ని తప్పు పడితే తమ ఇంటి గోడకే కన్నం. అందుకని ఆయన అవినీతి ఆరోపణలు, థాక్సిన్ బినామీతనం, నోటి దురుసు, ఇవే మాట్లాడారు. శవాల సంగతి వాళ్ళకూ అక్కర్లేదు.

చూశారా, రెండు పక్షాలకూ పనికొచ్చిన ఏర్పాటు ఏమిటో? వంట. వంట గురించి మాట్లాడితే ఎవరికీ నొప్పి లేదు. ఆయన అభిమానికి ముచ్చట, విరోధికి వెటకారం, విదేశీ విలేఖరికి హెడ్డింగ్. మార్కెట్లో ఆయన్ని చూసిన కూరలమ్మికి నిజమైన జ్ఞాపకం కూడా. ఆవిడ దుఃఖాన్ని నేను తక్కువ చెయ్యను. ఆవిడకు తెలిసిన సమక్ అబద్ధం కాదు.

మిగిలింది అక్టోబర్ 6 మనుషులు. ఆ రోజు బతికి బయటపడ్డవాళ్ళు, పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్ళు. మంచి చెప్పు, లేదా ఊరుకో అనే మర్యాద థాయ్ బౌద్ధంలో మనకంటే గట్టిది. అంత్యక్రియల్లో వచ్చినవాళ్ళు గంధపు చెక్క పువ్వు శవపేటిక దగ్గర పెట్టి, పోయినాయన తమకు చేసిన తప్పుల్ని మనసులో వదిలేస్తారు, తమ తప్పులకూ క్షమాపణ అడుగుతారు. పోయినవాళ్ళ జీవితం, ఇష్టమైన ధర్మ పాఠాలు, ఒక్కోసారి వాళ్ళ వంటలు కూడా అచ్చేసి పుస్తకంగా పంచుతారు. ఎంతో అందమైన ఆచారం. పాత థాయ్ వంటల గురించి తెలుసుకోవాలంటే పరిశోధకులు ఆ చావు పుస్తకాల్నే తిరగేస్తారు. అయితే వాటిలో చెడ్డవాడు ఒక్కడూ ఉండడు.

మర్యాదకు తోడు చట్టం. థాయ్ శిక్షాస్మృతి 327వ సెక్షన్ ప్రకారం చనిపోయినవాడి పరువు తీసినా, దానివల్ల కుటుంబానికి నష్టం కలిగితే నేరమే. పరువు నష్టం అక్కడ జైలుదాకా వెళ్ళే వ్యవహారం. ఆ సంగతి సమక్‌కే బాగా తెలుసు, బ్యాంకాక్ ఉపగవర్నర్‌ను నిందించిన కేసులో ఆయనకే రెండేళ్ళ శిక్ష పడింది. అప్పీలు కోర్టు కూడా దాన్ని ఖాయం చేసింది.

నన్ను ఒక మిత్రుడు అడిగాడు: పోయినాయన మీద ఇప్పుడెందుకండీ ఈ తవ్వకం, ఆయన జవాబు చెప్పుకోలేడు కదా అని. నా సమాధానం ఇది. క్షమించడం ఆ తల్లుల హక్కు. అంత్యక్రియలకు వెళ్ళినవాళ్ళది కాదు, పత్రికలవాళ్ళది కాదు, నాదీ కాదు. క్షమించమని అడగాలంటే ముందు లెక్క ఒప్పుకోవాలి. ఆయన నలభై ఆరుని ఒకటి చేసి వెళ్ళారు. కోర్టులో విచారణ జరిగిన దేశంలో, పోయినవాడి గురించి ఊరుకోవడం సంస్కారం కావచ్చు. తీర్పు వచ్చేసింది, ఇక వదిలెయ్యండి అనొచ్చు. విచారణే లేని చోట ఊరుకుంటే చంపినవాళ్ళకు రెండో క్షమాభిక్ష ఇచ్చినట్టే. అందుకని ఆ వారం ఎవరైనా కటువుగా మాట్లాడి ఉంటే, పాడె మీద రాయి వేశారని నేను అనుకోను. వాళ్ళకు దొరికిన ఒకే ఒక్క బోను అది.

దీంట్లో ఒక ప్రమాదం లేకపోలేదు. అన్నీ ఒక సమక్ నెత్తిన పెట్టేస్తే పని సులువైపోతుంది. నోరున్నవాడు, ముక్కు లావువాడు, ద్వేషించడానికి అనువైన మనిషి. సరిహద్దు గస్తీ పోలీసులకు ఆజ్ఞ ఎవరిచ్చారు, గ్రామ స్కౌట్లను ఎవరు పెంచి పోషించారు, ఆ మితవాద పత్రిక వెనక ఎవరు, వీటిని అడగడం ఆ దేశంలో ఇప్పటికీ కష్టం. నోరు విప్పి నిందలు మోసినవాడి నీడలో, నోరు విప్పకుండా పని జరిపించినవాళ్ళు హాయిగా ఉన్నారు. 2010 ఏప్రిల్, మే నెలల్లో ఎర్ర చొక్కాల మీద సైన్యం కాల్పులు జరిపి, ఆ రెండు నెలల్లో మొత్తం తొంభై మందికి పైగా చనిపోయినప్పుడు కూడా శిక్ష పడిన అధికారి లేడు. సమక్ అప్పటికి లేరు, ఆయన పద్ధతి మాత్రం ఉంది.

చివరగా ఒక్క విషయం చెప్పి ప్రశ్నలకు వదిలేస్తాను. సమక్ పోయిన కొన్నేళ్ళకు పువాంగ్‌థొంగ్ పవకపన్ అనే రాజనీతి ఆచార్యురాలు, మరికొందరు కలిసి అక్టోబర్ 6 ఆధారాల సేకరణ మొదలుపెట్టారు. శవపరీక్ష నివేదికలు, ఫోటోలు, బంధువుల వాంగ్మూలాలు ఒక్కొక్కటీ పోల్చి చూస్తున్నారు. అంతదాకా అందరూ ఉరికి బలైనవాళ్ళు ఇద్దరనుకునేవారు, అంతకంటే ఎక్కువమందని ఆ ఫోటోల వల్లే తేలింది. కుర్చీతో కొడుతున్న ఫోటోలో వేలాడుతున్న అబ్బాయి ఫలానా అని ఏళ్ళ తరబడి ఒక పేరు చెప్పుకునేవారు. అతను కాదని తేలింది. ఎవరన్నది ఇంకా తెలియలేదు. వెతుకుతున్నారు.

ఇక అడగండి. మైకు ఎవరి దగ్గరుంది?